సొన మరక

2025 జూన్, జూలై నెలల్లో చిత్తూరు మామిడి రైతుల వార్తలు రోజూ టీవీలో వచ్చాయి. తోతాపురి ధర బాగా పడిపోయింది. కిలోకు 12 రూపాయలు అందేలా చూస్తామని, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలని, మిగిలిన 4 రూపాయలు తాను ఇస్తానని ప్రభుత్వం చెప్పింది. ఆ లెక్కలు చదివే గొంతు వినిపిస్తూనే ఉంది గానీ నా కళ్లు వెనక కనిపిస్తున్న ట్రాక్టర్ల మీదే ఉండిపోయాయి. ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు వారగా కనుచూపు మేర ట్రాక్టర్లే. ఒక ట్రాలీలో కాయల మీద గోనెపట్టా పరుచుకుని ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. కెమెరా వాడి మీద ఒక్క క్షణం కూడా నిలవలేదు.

నేనూ అలా కూర్చున్నాను. 1995లో, ఆ వయసులోనే.

మాది కల్లూరు దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. మా తోటలో ఎక్కువ భాగం తోతాపురి. కోస్తా వాళ్లు దీన్నే కలెక్టర్ కాయ అంటారు. బంగినపల్లి అయితే ముందే వస్తుంది, బుట్టల్లో సర్దుకుని పోతుంది, తినేవాళ్లు కొంటారు. తోతాపురి అట్లా కాదు. జిల్లా అంతా ఒక్కసారిగా కోతకు వస్తుంది. కొనేది చాలావరకు జూస్ ఫ్యాక్టరీలే. పేపర్లలో గుజ్జు పరిశ్రమలు అని రాస్తారు, మా ఊళ్లో ఎవరి నోటా నేను ఆ మాట వినలేదు. అందరి కాయా అదే నెలలో అవే గేట్ల ముందుకు చేరుతుంది. అందుకే ఆ క్యూ. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి మూడు. ఈలోగా ట్రాలీ అడుగున కాయ వేడెక్కి మెత్తబడుతుంది. మెత్తబడిందని కాటా దగ్గర తరుగు తీస్తారు. క్యూలో ఉన్న ప్రతి గంటా రైతు బరువులోంచే పోతుంది.

ఆ ఏడు మా అన్న పరీక్ష తప్పి మదనపల్లెలో ట్యూషన్‌కు పోతున్నాడు. లోడుకు తోడుగా ఎవరో ఒకరు ఉండాలి. నాయన కాఫీకి పోయినా, స్నానానికి పోయినా, బండి మీద ఒక మనిషి కనిపించాలి. లేకపోతే వచ్చీపోయేవాళ్లు కాయలు తీసుకుంటారు. అట్లా నేను బయలుదేరాను. నాకెంత సంతోషంగా ఉండిందో చెప్పలేను. ట్రాక్టరులో చిత్తూరు పోవడమంటే మూడు గంటల దారి. దామలచెరువు దాటుతుంటే మామిడి మండీల ముందు గుట్టలు గుట్టలుగా కాయ. నాయన ఇంజను పక్కన మడ్గార్డు మీద కూర్చుని, నేను పైన కాయల మీద ఉన్నానా లేదా అని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేవాడు.

కోత రోజు నేను కూడా తోటలో కాయలు మోశాను. తొడిమ విరిగినప్పుడు సొన చిమ్ముతుంది. పెద్దవాళ్లు కాయను పక్కకు తిప్పి పట్టుకుంటారు, నాకు అది చేతకాదు. చెంప మీద, మెడ మీద, చెవి వెనక పడింది. అప్పుడు ఏమీ తెలియలేదు. రెండు రాత్రులు ట్రాలీ మీద పడుకుని, పగలంతా ఎండలో కూర్చునేసరికి ఆ పడిన చోటల్లా పొక్కింది. రెండో రాత్రి వాన. మూడో రోజు పొద్దున నాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. ఆ తీసేయడం చూసి నాకు జ్వరం ఎంతుందో తెలిసింది.

డ్రైవరు అన్నను బండి దగ్గర ఉంచి, నాయన నన్ను ఆటోలో టౌనుకు తీసుకొచ్చాడు. కట్టమంచి మీదుగా వస్తుంటే, అంత జ్వరంలోనూ, "రామలింగారెడ్డి ఊరు రా ఇది" అన్నాడు. ఎప్పుడు ఆ దారిన పోయినా ఆ మాట అనకుండా ఉండడు. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికి మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. నాయన చదివింది ఐదో తరగతి. యూనివర్సిటీ అంటే ఏమిటో ఆయనకు సరిగ్గా తెలుసని నేను అనుకోను. కానీ అంత చదువుకున్న మనిషి మన జిల్లావాడన్న సంగతి ఆయనకు సొంత ఆస్తి లాంటిది.

డాక్టరు ఇంజెక్షన్ వేసి, మాత్రలు, పొక్కులకు ఒక మందు రాసిచ్చాడు. నీడ పట్టున పడుకోబెట్టాలి, ఎండలోకి తీసుకుపోవద్దు అన్నాడు. మా ఊరికి రోజుకు రెండే బస్సులు. రెండోది వెళ్లిపోయింది. వేరే బస్సులో కల్లూరులో దింపేసినా, అక్కడి నుంచి ఇంటికి ఎవరు తీసుకుపోతారు? నాయన లోడు వదిలి రాలేడు. ఇంట్లో ఫోను లేదు. అప్పుడు లాడ్జీ మాట వచ్చింది. అంతకు ముందు నాయన ఎన్నిసార్లు చిత్తూరు వచ్చినా బస్టాండులోనో, ఫ్యాక్టరీ గోడ వారనో పడుకున్నాడు గానీ గది తీసుకున్నది లేదు.

బస్టాండు పక్క సందులో ఉండేది ఆ లాడ్జీ. మూడు అంతస్తులు, ఇరుకు మెట్లు. కింద కౌంటరు, దాని వెనక గోడకు తాళంచెవుల బోర్డు. ప్రతి చెవికీ గది నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల. కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి యాభై ఏళ్లుంటాయి. తెల్ల బనియను, చెవిలో పెన్సిలు. మమ్మల్ని తలెత్తి చూసి, మేము ఏమీ అడగక ముందే చెయ్యి ఊపాడు.

"రూములు లేవు. పోండి పోండి."

"బిడ్డకు జొరం సార్. ఒక రాత్రికి చాలు."

"లేవంటే అర్థం కాదా? మామిడికాయలోళ్లకు ఇయ్యం మేము."

నాయన ఆ బోర్డు వంక చూశాడు. సగానికి సగం తాళంచెవులు అక్కడే వేలాడుతున్నాయి. "అన్ని బీగాలు ఉన్నాయి కదా సార్" అన్నాడు, గొంతు పెంచకుండా. ఆ మనిషికి అది కోపం తెప్పించింది. పోయినేడు ఇచ్చాం, దుప్పట్ల నిండా సొన మరకలు, ఉతికినా పోవు, గదికి ఒకరని చెప్పి ఐదుగురు దూరతారు, రాత్రంతా బీడీలు, అని గడగడా చెప్పుకుంటూ పోయాడు. అందులో అబద్ధం ఉందని ఇప్పుడు నేను అనను. సొన మరక నిజంగానే పోదు. కానీ మేము ఆ ఐదుగురం కాదు. మా ఎదుట నిలబడి మాట్లాడుతూ, వేరెవరి తప్పుకో నాయన మొహం మీద చెయ్యి ఊపాడు. ముప్పై ఏళ్లయినా ఆ చెయ్యి నాకు కనిపిస్తూనే ఉంది.

నాయన కదల్లేదు. నన్ను పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, తలపాగా విప్పి నా మెడ చుట్టూ కప్పి, మళ్లీ కౌంటరు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. అంతే. అడగలేదు, బతిమాలలేదు. చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. వేరే వాళ్లు ఇద్దరు వచ్చి గదులు తీసుకున్నారు. ఆఖరికి ఆ మనిషి బోర్డు కింది వరసలోంచి ఒక తాళంచెవి తీసి కౌంటరు మీదికి విసిరాడు. గదికి 60, అడ్వాన్స్ 100, రేపు మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలి, వేడినీళ్లు ఉండవు, పైకి ఏమీ తీసుకురావడం ఉండదు.

తర్వాత రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, వచ్చిన పని, సంతకం. అన్ని గళ్లూ ఆయనే గబగబా రాసుకున్నాడు. వచ్చిన పని అన్న గడిలో 'కాయలు' అని రాశాడు. "జొరం అని రాయండి సార్" అన్నాడు నాయన. ఆయన వినిపించుకోలేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి నాయన పెన్ను పట్టుకుని ఒక్కొక్క అక్షరం నిదానంగా రాశాడు. ఆయన పేరులో మూడు ఒత్తులు ఉంటాయి. ఆ మూడూ సరిగ్గా పెట్టేదాకా పెన్ను ఎత్తలేదు. కౌంటరు మనిషి వేళ్లతో బల్ల మీద కొడుతూ ఉన్నాడు.

గది రెండో అంతస్తులో, నీళ్ల ట్యాంకు మెట్ల పక్కన. నేను లాడ్జీ గది చూడడం అదే మొదటిసారి. ఇనుప మంచం, దాని మీద మధ్యలో గుంట పడిన పరుపు, గోడకు కొట్టిన చెక్క స్టాండు, సున్నం రాలుతున్న పైకప్పు. అద్దం నిండా బొట్టుబిళ్లలు. ఎంతమంది అమ్మలు, అక్కలు అక్కడ మొహం కడుక్కుని తీసి అంటించి మరిచిపోయారో. ఎరుపు, మెరూను, ఆకుపచ్చ, కొన్ని మెరుపువి. జ్వరంలో పడుకుని నేను వాటినే లెక్కపెట్టాను. గోడ మీద బాల్‌పెన్నుతో పేర్లు, కొన్ని తెలుగులో, కొన్ని తమిళంలో. చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం లేదు, ఆసుపత్రికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఆ గదుల్లో దిగేవాళ్లని తర్వాత తెలిసింది.

తలుపుకు లోపలి గడియ విరిగిపోయి ఉంది. నాయన కిందికి వెళ్లి చెప్పాడు. ఇష్టముంటే ఉండండి లేకపోతే లేదు అన్న సమాధానం తెచ్చుకుని పైకి వచ్చాడు. బకెట్టు ఉంది, మగ్గు లేదు. మగ్గు అడిగితే, పోయిన వాళ్లు ఎత్తుకుపోయారన్నాడట. నాయన బయటికి వెళ్లి ఒక ప్లాస్టిక్ చెంబు కొనుక్కొచ్చాడు. దాంతో నీళ్లు ముంచి, నా మెడ, చెంపలు తడిపి, కొబ్బరినూనె రాశాడు. తన పంచె మడిచి పరుపు మీద పరిచి, దాని మీద నన్ను పడుకోబెట్టాడు. సొన అంటుకుంటుందని. "దిండు మీద కూడా తువ్వాలు వేసుకో నాయనా, వాళ్లు ఊరికే మాటలు అంటారు" అన్నాడు.

ఆ సాయంత్రం గురించి నేను చాలా చెప్పగలను. ఇంట్లో మేము ఆరుగురం. నాయనతో నేను ఒక్కడినే, నాలుగు గోడల మధ్య, వేరే పని లేకుండా కూర్చున్న రోజు అంతకు ముందు లేదు. ఆ తర్వాతా ఎన్నో లేవు. ఆయన ఎప్పుడూ తోటలోనో, మండీలోనో, సొసైటీలోనో ఉండేవాడు. ఆ గదిలో మాత్రం ఎక్కడికీ పోవడానికి లేదు. మెస్సు నుంచి నాలుగు ఇడ్లీలు ఆకులో కట్టించుకుని, కౌంటరు మనిషి చూడకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. పైకి ఏమీ తీసుకురాకూడదన్నాడు కదా. నా చేత రెండు తినిపించి, మిగిలినవి తను తిన్నాడు. కిటికీ నుంచి బస్టాండు మైకు వినిపించేది. తిరుపతి, పలమనేరు, కుప్పం, వేలూరు అని ఊళ్ల పేర్లు. ఒక్కో పేరు రాగానే ఆ ఊరికి తను ఎప్పుడు పోయాడో, ఎందుకు పోయాడో చెప్పాడు. కుప్పంలో ఎద్దులు కొనడానికి పోయి సంత లేని రోజు దిగిన సంగతి. పెళ్లయిన కొత్తలో అమ్మతో కాణిపాకం పోయిన సంగతి, అప్పుడు గుడి ఇంత లేదట, బావిలో నీళ్లు చేత్తో తాకేట్టు ఉండేవట. మా నాయన ఇన్ని మాటలు మాట్లాడతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను మంచం మీద, ఆయన నేల మీద. ఫ్యాను తిరుగుతూ ప్రతి చుట్టుకూ ఒకసారి కిర్రుమనేది. రెండు రాత్రులు కూర్చునే గడిపిన మనిషి, పడుకున్న మరుక్షణం గుర్రు పెట్టాడు.

మెలకువ వచ్చేసరికి చీకటి. ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయినట్టుంది. "నాయనా" అన్నాను. జవాబు లేదు. చెయ్యి కిందికి చాచి తడిమాను. నేల చల్లగా, ఖాళీగా ఉంది. లేచి గోడ పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి లాగాను. రాలేదు. బయట తాళం వేసి ఉంది.

ఎందుకు వేశాడో ఇప్పుడు చెప్పడం తేలిక. తెల్లవారుజామున నాలుగు గంటలకు గేటు తెరుస్తారు. టోకెను నాయన జేబులో ఉంది. పిలిచినప్పుడు బండి కదలకపోతే వెనక బండికి పోతుంది, మళ్లీ ఒక పూట. అందుకని మూడు గంటలకు లేచి బయలుదేరాడు. నన్ను లేపడానికి మనసొప్పలేదు. లోపలి గడియ లేదు కాబట్టి బయట తాళం వేసి, తాళంచెవి కింద ఇచ్చి, బిడ్డ లేస్తే తలుపు తియ్యండి సార్ అని చెప్పిపోయాడు. ఇవేవీ నాకు ఆ చీకట్లో తెలియవు. నాకు తెలిసింది ఒక్కటే. నన్ను పెట్టి తాళం వేసి, నాయన కాయల దగ్గరికి పోయాడు.

తలుపు బాదాను. ఎంతసేపో తెలియదు. ఏడుస్తూ బాదాను. పక్క గదుల వాళ్లు ఎవరో కసిరారు. చివరికి మెట్ల మీద టార్చిలైటు వెలుగు, చెప్పుల చప్పుడు, తాళం తీసిన శబ్దం. కౌంటరు మనిషి. మొహం మీద లైటు వేసి, "నోరు మూసుకో, లాడ్జీ అంతా లేపుతాండావు" అన్నాడు. నా రెక్క పట్టుకుని కిందికి తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, తన కుర్చీలో కూర్చున్నాడు. కొవ్వొత్తి వెలిగించి ఉంది. ఆ వెలుగులో తాళంచెవుల బిళ్లలు మెరుస్తున్నాయి. నేను ఏడుపు ఆపలేకపోతున్నాను. ఆయన నా వైపు చూడకుండానే, చాలా మామూలుగా అన్నాడు.

"ఏం మనిషి మీ నాయన. బిడ్డ కంటే కాయలు ఎక్కువైపోయినాయా?"

ఆ తర్వాత ఆయన నన్ను ఏమీ అనలేదు. తెల్లారేదాకా నేను ఆ బెంచీ మీదే ఉన్నాను. మంచినీళ్లు ఇవ్వలేదు, పైకి పో అనలేదు, కూర్చో అని మళ్లీ చెప్పలేదు. ఆయన తలుపు తీశాడు, నన్ను ఒంటరిగా ఉంచకుండా తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. అది నిజం, దాన్ని కాదనను. అయినా ఆ మాటను నేను ఈరోజుకూ క్షమించలేదు. ఎందుకంటే ఆయన అనక ముందే, ఆ చీకటి గదిలో తలుపు బాదుతూ నేనూ అదే అనుకున్నాను. నా మనసులోని మాటను పరాయి మనిషి పైకి అనేశాడు. ఆ క్షణం నాకు నాయన మీద కోపం పోయింది. నా మీద నాకే సిగ్గేసింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మా అన్నకు కూడా.

ఏడున్నరకు నాయన వచ్చాడు. పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నన్ను బెంచీ మీద చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి నుదురు పట్టుకున్నాడు. ఈసారి చెయ్యి వెంటనే తియ్యలేదు. "తగ్గింది" అన్నాడు. లోడు దిగిందా అని అడిగితే, దిగింది, డ్రైవరు అన్న బండి తీసుకుని వస్తాడు అన్నాడు.

గది ఖాళీ చేసేటప్పుడు ఒక కుర్రాడు పైకి వెళ్లి చూసొచ్చాడు. పంచె పరిచాం కాబట్టి పరుపు, దుప్పటి బాగానే ఉన్నాయి. కానీ రాత్రి ఎప్పుడో దిండు మీది తువ్వాలు జారిపోయింది. గలీబు మీద నా చెంప ఆనిన చోట గోధుమరంగు మరక, అరచెయ్యంత. కుర్రాడు దాన్ని తెచ్చి కౌంటరు మీద వేశాడు. "చెప్పినా కదా" అన్నాడు ఆ మనిషి. అడ్వాన్స్‌లో గది అద్దె 60 పోను ఇవ్వాల్సింది 40. గలీబుకు 20 పట్టుకుని 20 చేతిలో పెట్టాడు.

నాయన ఏమంటాడో అని చూశాను. రాత్రి ఆయన అన్న మాట ఈయనకు చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది, చెబితే గొడవ అవుతుంది, అవ్వాలని కూడా ఉంది. నాయన ఆ నోట్లు లెక్క చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కౌంటరు మీద ఉన్న గలీబు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకున్నాడు.

"అదేంది?" అన్నాడు ఆ మనిషి.

"ఇరవై ఇస్తిని కదా సార్. ఇది మాది" అన్నాడు నాయన.

ఆ మనిషి ఏమీ అనలేకపోయాడు. మేము బయటికి వచ్చేశాం.

తర్వాత నా జీవితంలో లాడ్జీలకు కొదవ లేదు. మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌గా పదకొండేళ్లు రాయలసీమ అంతా తిరిగాను. తిరుపతిలో ఒంటరి మనిషికి గది ఇవ్వడానికి చాలా లాడ్జీలు వెనకాడతాయి. కుటుంబంతో వస్తేనే అంటారు. కంపెనీ కార్డు చూపించి, నాలుగు చోట్ల కాదనిపించుకుని, ఐదో చోట సంపాదించేవాణ్ని. మర్యాద లేని కౌంటర్లు ఎన్నో చూశాను, వాటిని గది దాటగానే మరిచిపోయాను. కానీ ఏ ఊళ్లో రిజిస్టరు ముందుకు జరిపినా, సంతకం గడి దగ్గర నా చెయ్యి నిదానిస్తుంది. ఆన్‌లైన్ బుకింగులు వచ్చాక, ఆధార్ జిరాక్స్ ఇచ్చి వేలు పెట్టి తాళం కార్డు తీసుకోవడమే. వచ్చిన పని ఏమిటని ఇప్పుడు ఎవరూ అడగరు.

ఆ లాడ్జీ ఇప్పుడు లేదు. ఆ చోట కింద సెల్‌ఫోన్ల షాపు, పైన కోచింగ్ సెంటరు. నాలుగేళ్ల కిందట చిత్తూరు పోయినప్పుడు ఆ మెట్లు ఎక్కి రెండో అంతస్తు దాకా వెళ్లాను. మా గది ఉన్న చోట గోడ కొట్టేసి పెద్ద హాలు చేశారు, పిల్లలు ఏవో లెక్కలు రాసుకుంటున్నారు. ట్యాంకు మెట్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. కాసేపు ఆ మెట్ల మీద కూర్చుని వచ్చాను. బస్టాండు మైకు వినిపిస్తుందేమోనని చూశాను, ట్రాఫిక్ మోతలో ఏమీ వినిపించలేదు. అయినా లేవబుద్ధి కాలేదు. మమ్మల్ని వద్దన్న చోటు అది. నాయన గొంతు అంతసేపు విన్నది కూడా అక్కడే.

టీవీలో ఆ ట్రాక్టర్లు చూసిన వారమే ఊరికి వెళ్లాను. నాయనకు ఇప్పుడు 74. తోటలో సగం చెట్లు కొట్టేశాం, మిగిలిన సగం ఆయన కొట్టనివ్వడం లేదు. అమ్మ వసారాలో కూర్చుని విత్తనం చెనిక్కాయలు ఎండబోయడానికి సంచి విప్పుతోంది. సంచి కాదు, ఆ గలీబు. ముప్పై ఏళ్లుగా అది మా ఇంట్లో ఏదో ఒక పని చేస్తూనే ఉంది. లాడ్జీ పేరుతో మూలన నీలం ముద్ర ఉండేది, అది ఏనాడో ఉతుకుల్లో పోయింది. మరక అట్లాగే ఉంది.

"నాయనా, ఆ లాడ్జీ ఆయన గుర్తున్నాడా?" అని అడిగాను.

"ఏ లాడ్జీ?"

చెప్పాను. చెయ్యి ఊపడం, కాయలు అని రాయడం, గడియ లేని తలుపు. ఆయన కళ్లు చిట్లించి ఆలోచించాడు. ఆ మనిషి మొహం గుర్తు రాలేదు, మాటలూ గుర్తు రాలేదు. అవి దాచుకున్నది నేనొక్కడినే. ఆయనకు గుర్తున్నది కాటా చీటీ.

"ఆ పొద్దు రెండు క్వింటాళ్లు తరుగు కోసినారు. కాయ బాగుండాది, అడుగున కూడా మెత్తబడలా. అన్యాయంగా కోసినారు."

"అడగలేదా మరి?" అన్నాను. తరుగు దగ్గర నాయన ఎట్లా పోట్లాడతాడో నాకు తెలుసు. కిలోకు కిలో లెక్క చెప్పించుకుని, కాయ కోసి చూపించి, గంటసేపయినా వదిలేవాడు కాదు. ఆ విషయంలో ఫ్యాక్టరీల దగ్గర ఆయనకు పేరుండేది.

"యాడ అడిగేది. నువ్వు లాడ్జీలో ఒక్కడివే ఉంటివి కదా" అన్నాడు.

అమ్మ గలీబును తిరగేసి దులిపింది. మూలల్లో ఇరుక్కున్న గింజలు రెండు మూడు నేల మీద పడ్డాయి. నాయన వంగి వాటిని ఏరి చాటలో వేశాడు.